వెబ్ డెవలప్‌మెంట్‌లో ప్రోగ్రామింగ్ పారడైమ్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

వెబ్ డెవలప్‌మెంట్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు, జావా నుంచో పీహెచ్‌పీ నుంచో రియాక్ట్ (పేజీ తెరలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వైపు వస్తున్నవాళ్లు పారడైమ్స్ గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఒక్కో పద్ధతికి ఒక్కో ఉదాహరణ ఇస్తే తేడా తెలియదు. అందుకే వీలైనంతవరకు ఒకే ఉదాహరణ వాడాను: హైదరాబాద్ నుంచి విజయవాడకు బస్ టికెట్ బుక్ చేసే పేజీలో సీట్లు ఎంచుకునే భాగం. బస్సులో 40 సీట్లు. టికెట్ 450 రూపాయలు. ఒకరు 6 సీట్ల వరకే తీసుకోవచ్చు. సీటు నొక్కితే దాని రంగు మారాలి, కింద మొత్తం మారాలి, ఆరు నిండాక మిగతా సీట్లు నొక్కుడు పడకూడదు. చూడటానికి చిన్న పనే కానీ, వెబ్‌లో వచ్చే చిక్కులన్నీ ఇందులో ఉన్నాయి.

పారడైమ్ అంటే ఏమిటి? కొత్త భాష నేర్చుకోవడం లాంటిదా?

కాదు. ప్రోగ్రామ్‌ను మనసులో ఎలా ఊహించుకుంటాం, ఏ రకమైన ముక్కలుగా విడదీస్తాం అనేదే పారడైమ్. ఒకే భాషలో నాలుగు పారడైమ్స్‌లో రాయొచ్చు. నాలుగు భాషల్లో ఒకే పారడైమ్‌లోనూ రాయొచ్చు. 1978లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాబర్ట్ ఫ్లాయిడ్ తన ప్రసంగానికి ఈ విషయాన్నే ఎంచుకున్నారు. ప్రోగ్రామర్ ఎదగాలంటే తన చేతిలో ఉన్న పద్ధతుల సంఖ్య పెంచుకోవాలని ఆయన వాదించారు.

నిర్వచనాలు బట్టీ పట్టడం వల్ల పెద్దగా లాభం లేదు. ఏ కోడ్ ముందు కూర్చున్నా నేను వేసుకునే ప్రశ్నలు మూడే. మారే డేటా ఎక్కడ ఉంది? దాన్ని మార్చే హక్కు ఎవరికి ఉంది? అది మారిందన్న సంగతి మిగతా కోడ్‌కు ఎలా తెలుస్తుంది? ఒక్కో పారడైమ్ ఈ మూడింటికి ఇచ్చే జవాబు ఒక్కోలా ఉంటుంది. వెబ్‌లో వచ్చే బగ్స్‌లో చాలావరకు ఈ జవాబులు తేలకపోవడం వల్ల వచ్చేవే. మన పేజీలో మారే డేటా అంటే ఏయే సీట్లు ఎంచుకున్నారన్నది. దీన్నే స్టేట్ అంటారు. కింది జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఇంపెరేటివ్‌కి, డిక్లరేటివ్‌కి తేడా ఏమిటి?

ఇంపెరేటివ్ కోడ్‌లో పని ఎలా జరగాలో అడుగడుగూ మనమే చెప్తాం. డిక్లరేటివ్ కోడ్‌లో చివరికి ఏం కావాలో చెప్పి, ఎలా చేయాలన్నది కింద ఉన్న ఇంజిన్‌కి వదిలేస్తాం.

మన సీట్ల పేజీని 2006లో వచ్చిన జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ పద్ధతిలో రాశామనుకోండి. సీటు నొక్కగానే నడిచే ఫంక్షన్ ఆ సీటుకు ఆకుపచ్చ రంగు క్లాస్ (పేజీలో రూపానికి పెట్టే పేరు) తగిలిస్తుంది. తర్వాత ఆకుపచ్చగా ఉన్న సీట్లను లెక్కపెడుతుంది. ఆ లెక్కను 450తో హెచ్చించి మొత్తం చూపించే చోట రాస్తుంది. లెక్క ఆరైతే మిగతా బటన్లను ఆపేస్తుంది. అంతా బాగానే ఉంది. మర్నాడు మేనేజర్ వచ్చి 'అన్నీ తీసెయ్' అనే బటన్ అడుగుతాడు. ఇప్పుడు రంగులు తీసేయాలి, మొత్తాన్ని సున్నా చేయాలి, ఆపేసిన బటన్లను మళ్లీ తెరవాలి. వీటిలో ఒక్కటి మర్చిపోయినా పేజీ తప్పు చూపిస్తుంది. ఆ తర్వాత కూపన్ వస్తుంది, దాని వెనకే మహిళల సీట్ల నియమం వస్తుంది. ప్రతి కొత్త సంఘటనా పేజీలోని ప్రతి భాగాన్నీ గుర్తుపెట్టుకుని సరిచేయాల్సిందే. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఏయే సీట్లు ఎంచుకున్నారన్న నిజం ఇక్కడ పేజీ రంగుల్లో ఉంది. డిజైనర్ రంగు క్లాస్ పేరు మారిస్తే టికెట్ లెక్కే తప్పిపోతుంది.

అదే పేజీని డిక్లరేటివ్‌గా రాస్తే ఎంచుకున్న సీట్ల జాబితా ఒక్కటే స్టేట్. ఆ జాబితాలో ఉన్న సీటు ఆకుపచ్చగా ఉంటుందని, మొత్తం అంటే జాబితా పొడవు ఇంటూ 450 అని, జాబితాలో ఆరు ఉంటే మిగతావి ఆగిపోతాయని రాసి పెడతాం. సీటు నొక్కినప్పుడు మారేది జాబితా ఒక్కటే. 'అన్నీ తీసెయ్' అంటే జాబితాను ఖాళీ చేయడం, అంతే. స్క్రీన్‌ను జాబితాకు తగ్గట్టు మార్చే బాధ్యత రియాక్ట్‌దో, దానిలాంటి వ్యూ (Vue)దో. రియాక్ట్ 2013లో బయటికి వచ్చినప్పుడు చాలామంది దాన్ని వింతగా చూశారు. కానీ ఈ ఒక్క మార్పు వల్లే పెద్ద పేజీలు రాసేవాళ్లకు ఊపిరి ఆడింది.

డిక్లరేటివ్ అనేది రియాక్ట్‌తో వచ్చిన కొత్త ఆలోచనా?

కానే కాదు. ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ ప్రతిపాదించారు. దాని మీద నిలబడిన ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష, డిక్లరేటివే. 'ఖాళీగా ఉన్న సీట్లు ఇవ్వు' అంటాం. ఏ ఇండెక్స్ వాడాలో, ముందు ఏ టేబుల్ చదవాలో డేటాబేసే నిర్ణయించుకుంటుంది. పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్ కూడా అంతే. బటన్ మధ్యలో ఉండాలంటాం తప్ప ఎన్ని పిక్సెల్స్ జరపాలో లెక్కపెట్టి చెప్పం.

ఒక హెచ్చరిక. డిక్లరేటివ్ అంటే కింద ఏం జరుగుతుందో తెలుసుకోనక్కర్లేదని కాదు. క్వెరీ నిదానంగా నడిస్తే దాని ఎగ్జిక్యూషన్ ప్లాన్ తెరిచి చూడాలి. పేజీ నిదానిస్తే రియాక్ట్ ఏ కాంపొనెంట్‌ను (పేజీ ముక్కను) ఎందుకు మళ్లీ రెండర్ చేస్తోందో, అంటే గీస్తోందో చూడాలి.

హెచ్‌టీఎంఎల్ ప్రోగ్రామింగ్ భాషేనా?

హెచ్‌టీఎంఎల్ మార్కప్ భాష. డిక్లరేటివ్‌గా ఉంటుంది, కానీ అందులో షరతులు, లూపులు రాయలేం. ఈ వాదనతో కాలం గడిపే బదులు ఫారమ్‌కు లేబుల్స్ సరిగా పెట్టడం, బటన్ కావలసిన చోట డివ్ (అర్థం లేని ఉత్త పెట్టె) కాకుండా బటనే వాడటం నేర్చుకోండి. కంటిచూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో మీ పేజీలో టికెట్ బుక్ చేసుకోగలరా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

ప్రొసీజరల్ పద్ధతి పాతబడిపోయినట్టేనా?

అవసరం చిన్నదైతే ఇప్పటికీ అదే మంచిది. ఫారమ్ డేటా తీసుకో, సరిచూడు, డేటాబేస్‌లో దాచు, ఈమెయిల్ పంపు. ఇలా పైనుంచి కిందికి చదువుకుంటూ పోయే 60 లైన్ల పీహెచ్‌పీ ఫైలును నేను ఎప్పుడూ తప్పు పట్టను. ఆ పనికి అయిదు క్లాసులు, రెండు ఇంటర్‌ఫేస్‌లు రాస్తే చదివేవాళ్లకు అలసట తప్ప ఏమీ మిగలదు. పీహెచ్‌పీ అంత వేగంగా పాకడానికి ఈ సూటిదనం కూడా ఒక కారణం. గట్టి ఆబ్జెక్ట్ మోడల్ ఆ భాషకు 2004లో, 5వ వెర్షన్‌తో వచ్చింది.

ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందంటే, ఒకే డేటాను పదిహేను ఫంక్షన్లు గ్లోబల్ వేరియబుల్ ద్వారా మార్చడం మొదలుపెట్టినప్పుడు. అప్పుడు ఒక విలువ తప్పుగా కనిపిస్తే పదిహేను చోట్లా వెతకాలి.

ఇంటర్వ్యూల్లో ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) నాలుగు స్తంభాలు అడుగుతారు. నిజంగా వెబ్‌లో అవి ఎక్కడ పనికొస్తాయి?

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నోట్సుల్లో కనిపించే ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలీమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ నాలుగూ నిజమే. కానీ అన్నిటికీ ఒకే బరువు లేదు. ఈ సంగతి నోట్సుల్లో సాధారణంగా ఉండదు.

అన్నిటికంటే విలువైనది ఎన్‌క్యాప్సులేషన్. బుకింగ్ అనే ఆబ్జెక్ట్, అంటే డేటా, దాని మీద పనిచేసే ఫంక్షన్లు (మెథడ్స్) కలిసున్న ముక్క, ఉందనుకోండి. సీట్ల జాబితా దాని లోపల ప్రైవేట్‌గా ఉంటుంది. బయటివాళ్లు 'ఈ సీటు చేర్చు' అని అడగాలే తప్ప నేరుగా జాబితాలో చెయ్యి పెట్టకూడదు. అప్పుడు ఆరు సీట్ల నియమం ఒకేచోట, ఆ చేర్చే మెథడ్‌లో ఉంటుంది. వెబ్‌సైట్ నుంచి వచ్చినా, మొబైల్ యాప్ నుంచి వచ్చినా, అడ్మిన్ పేజీ నుంచి వచ్చినా ఆ తలుపులోంచే రావాలి. పైన వేసుకున్న మూడు ప్రశ్నల్లో రెండోదానికి, అంటే మార్చే హక్కు ఎవరిదన్నదానికి, ఇంత స్పష్టమైన జవాబు వేరే పారడైమ్‌లో దొరకడం కష్టం. చాలామంది చేసేదేమిటంటే, అన్ని ఫీల్డ్స్‌నూ ప్రైవేట్ చేసి, మళ్లీ ప్రతిదానికీ గెట్టర్, సెట్టర్ (బయటివాళ్లు చదివే, మార్చే మెథడ్స్) రాస్తారు. అది ఎన్‌క్యాప్సులేషన్ కాదు. తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

పాలీమార్ఫిజం పేమెంట్స్ దగ్గర బాగా ఉపయోగపడుతుంది. యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ మూడూ వేర్వేరుగా పనిచేస్తాయి. బుకింగ్ కోడ్‌కు మాత్రం 'డబ్బు తీసుకో', 'డబ్బు వెనక్కివ్వు' అనే రెండు మెథడ్స్ తెలిస్తే చాలు. రేపు వ్యాలెట్ చేర్చినా బుకింగ్ కోడ్ తాకనవసరం లేదు.

ఇక ఇన్‌హెరిటెన్స్, అంటే ఒక క్లాస్ లక్షణాలు ఇంకో క్లాస్‌కు వారసత్వంగా రావడం. కోర్సుల్లో దీనికే ఎక్కువ సమయం ఇస్తారు, నిజమైన ప్రాజెక్టుల్లో దీంతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. బస్సు నుంచి ఏసీ బస్సు, బస్సు నుంచి స్లీపర్ బస్సు అని క్లాసులు రాస్తారు. తర్వాత ఏసీ స్లీపర్ వస్తుంది. దాన్ని ఎవరి కింద పెట్టాలి? జావాలో ఒక క్లాస్‌కు ఇద్దరు తల్లులు ఉండరు. అందుకే బస్సుకు సీట్ల అమరిక ఒక ముక్కగా, సౌకర్యాలు ఇంకో ముక్కగా, ధర లెక్క మరో ముక్కగా ఇచ్చి కలపడం మేలు. దీన్నే కంపోజిషన్ అంటారు. స్ప్రింగ్, లారావెల్, జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు ఇచ్చే బేస్ క్లాసులను వారసత్వంగా తీసుకోవడం వేరే సంగతి, అది వాళ్లు వేసిన దారి. మీ సొంత డొమైన్ క్లాసుల్లో మాత్రం రెండు మెట్లు దాటి కిందికి దిగకండి.

చరిత్రలోకి వెళ్తే క్లాసు, ఆబ్జెక్టు అనే ఆలోచనలు నార్వేలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ తయారుచేసిన సిమ్యులా 67 అనే భాషలో కనిపిస్తాయి. ఆ తర్వాత జెరాక్స్ పార్క్ సంస్థలో అలన్ కే బృందం స్మాల్‌టాక్ అనే భాష చేసింది. ఆబ్జెక్టుల కంటే అవి ఒకదానికొకటి పంపుకునే సందేశాలే అసలు విషయమని కే తర్వాత చాలాసార్లు చెప్పారు. మనం రోజూ వాడే ఎంవీసీ (కోడ్‌ను మోడల్, వ్యూ, కంట్రోలర్‌గా విడదీసే పద్ధతి) కూడా అక్కడిదే. 1979లో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ అక్కడ ఉన్నప్పుడు దాన్ని రూపొందించారు.

జావాస్క్రిప్ట్‌లో క్లాస్, జావాలో క్లాస్ ఒకటేనా?

చూడటానికి ఒకేలా ఉంటాయి. లోపల వేరు. 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఈ భాష మొదటి రూపాన్ని తయారుచేశారు. ఫంక్షన్లను విలువల్లా అటూఇటూ పంపే ఆలోచన స్కీమ్ అనే భాష నుంచి, ప్రోటోటైప్స్ (ఒక ఆబ్జెక్టు ఇంకో ఆబ్జెక్టు నుంచి నేరుగా లక్షణాలు తీసుకోవడం) ఆలోచన సెల్ఫ్ అనే భాష నుంచి తీసుకున్నారు. పైకి మాత్రం జావాలా కనిపించాలన్నది కంపెనీ కోరిక. అందుకే జావాస్క్రిప్ట్ పుట్టుకతోనే ఒకటి కంటే ఎక్కువ పారడైమ్స్ ఉన్న భాష. క్లాస్ అనే కీవర్డ్ 2015లో వచ్చింది. దాని కింద నడిచేది ఇప్పటికీ ప్రోటోటైప్ గొలుసే.

జావా నుంచి వచ్చినవాళ్లు తడబడేది ప్రస్తుత ఆబ్జెక్టును సూచించే 'దిస్' (this) దగ్గర. జావాలో అది ఎప్పుడూ ఆ ఆబ్జెక్టే. జావాస్క్రిప్ట్‌లో మామూలు ఫంక్షన్‌ను ఎవరి ద్వారా పిలిచారన్నదాన్ని బట్టి దిస్ మారుతుంది. బుకింగ్ ఆబ్జెక్ట్‌లోని మెథడ్‌ను తీసి నేరుగా బటన్ క్లిక్‌కు అప్పగిస్తే, లోపలి దిస్ బుకింగ్‌ను వదిలేసి ఆ బటన్‌ను చూపిస్తుంది. యారో ఫంక్షన్‌కు (బాణం గుర్తు =>తో రాసేదానికి) సొంత దిస్ ఉండదు, బయట ఉన్నదాన్నే వాడుకుంటుంది. అందుకే ఈ ఇబ్బంది యారో ఫంక్షన్లలో రాదు.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటే మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్ వాడటమేనా?

అవి జాబితాను మార్చే, వడకట్టే, ఒక్క విలువగా కుదించే పనిముట్లు మాత్రమే. 2009లో వచ్చిన ఈఎస్5 అనే వెర్షన్ నుంచి ఆ మూడూ జావాస్క్రిప్ట్ అర్రేలకు, అంటే జాబితాలకు ఉన్నాయి. అసలు విషయం రెండు అలవాట్లలో ఉంది.

మొదటిది ప్యూర్ ఫంక్షన్లు రాయడం. ఒకే ఇన్‌పుట్ ఇస్తే ఎప్పుడూ ఒకే ఫలితం రావాలి, బయటి దేన్నీ మార్చకూడదు. సీట్లు, టికెట్ ధర, కూపన్ ఇస్తే చెల్లించాల్సిన మొత్తం చెప్పే ఫంక్షన్ ఇలాగే ఉండాలి. అది లోపల ఇవాళ్టి తేదీని చూసిందా, నెట్‌వర్క్‌కు వెళ్లిందా, గ్లోబల్ వేరియబుల్ చదివిందా, ఇక ప్యూర్ కాదు. తేదీ కావాలంటే దాన్ని కూడా ఇన్‌పుట్‌గా పంపండి. అప్పుడు పండగ రోజు ధర సరిగా వస్తుందో లేదో చూడటానికి పండగ దాకా ఆగనక్కర్లేదు, ఒక్క లైన్ టెస్ట్‌లో తేలిపోతుంది. డబ్బు లెక్క గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. రూపాయలను దశాంశాలతో కాకుండా పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచండి. జావాస్క్రిప్ట్‌లో 0.1, 0.2 కూడితే సరిగ్గా 0.3 రాదు.

రెండోది ఉన్న డేటాను మార్చకుండా కొత్త డేటా తయారుచేయడం. దీని విలువ ఒక మామూలు బగ్‌తో తెలుస్తుంది. ఎంచుకున్న సీట్లను వరసలో చూపించడానికి జాబితా మీద సార్ట్ పిలిచారు. సార్ట్ ఆ అసలు జాబితానే తారుమారు చేస్తుంది. ప్రయాణికుల పేర్లు, సీట్లు అదే క్రమంలో జత అవుతాయని ఇంకోచోట కోడ్ నమ్ముకుని ఉంటే, నాన్న సీటు అమ్మ పేరు మీద ప్రింట్ అవుతుంది. చూపించడానికి రాసిన లైను టికెట్‌నే మార్చేసింది. ఈఎస్ 2023లో వచ్చిన టుసార్టెడ్ కొత్త జాబితా ఇస్తుంది, పాతది అలాగే ఉంటుంది. సార్ట్‌కు పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే సంఖ్యలను కూడా అక్షరాల్లా పోలుస్తుంది. 2, 10, 21 అనే సీట్లు 10, 2, 21గా వస్తాయి. ఇది కూడా చాలామందిని గంటలు గంటలు తిప్పుతుంది.

ప్రతిసారీ కొత్త కాపీ చేస్తే మెమరీ వృథా కాదా?

మామూలు పేజీల్లో ఆ టెన్షన్ అక్కర్లేదు. స్ప్రెడ్‌తో (మూడు చుక్కల గుర్తుతో) కాపీ చేసినప్పుడు పైపొర మాత్రమే కొత్తది. లోపలి ఆబ్జెక్టులు పాతవే, రెండు జాబితాలూ వాటినే పంచుకుంటాయి. దీనివల్ల ఒక ప్రమాదమూ ఉంది. కాపీ చేశాను కదా అని లోపలి ఆబ్జెక్టును మార్చేస్తే పాత జాబితాలో కూడా మారిపోతుంది.

ఒక లాభం కూడా ఉంది. రియాక్ట్ స్టేట్ మారిందా లేదా అని పాత విలువ, కొత్త విలువ ఒకటేనా అని మాత్రమే పోలుస్తుంది, లోపల వెతకదు. మీరు పాత జాబితాలోనే సీటు తోసి అదే జాబితాను తిరిగి ఇస్తే, ఏమీ మారలేదనుకుని స్క్రీన్ అప్‌డేట్ చేయదు. 'డేటా మారింది కానీ పేజీ మారట్లేదు' అని వచ్చే ప్రశ్నల్లో చాలాభాగం ఇదే. లక్షల వరసలున్న డేటాను లూప్‌లో ప్రతిసారీ కాపీ చేస్తుంటే మాత్రం అప్పుడు కొలిచి చూసి, అక్కడి వరకు ఇంపెరేటివ్‌గా రాసుకోండి.

మరి రియాక్ట్ ఫంక్షనలేనా?

సగం. స్టేట్ ఇస్తే స్క్రీన్ ఎలా ఉండాలో చెప్పే ఫంక్షనే కాంపొనెంట్ అన్న ఊహ పూర్తిగా ఫంక్షనల్. 2019 ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌తో హుక్స్ (కాంపొనెంట్ ఫంక్షన్ స్టేట్ లాంటివి వాడుకోవడానికి పిలిచే యూజ్‌స్టేట్ వంటి ఫంక్షన్లు) వచ్చాక క్లాస్ కాంపొనెంట్స్ రాయాల్సిన అవసరం దాదాపు పోయింది. కానీ యూజ్‌స్టేట్ పిలిచే ఫంక్షన్ రెండర్‌కీ రెండర్‌కీ మధ్య ఏదో గుర్తుపెట్టుకుంటోంది కదా. ఆ జ్ఞాపకం ఫంక్షన్ బయట, రియాక్ట్ దగ్గర ఉంటుంది. హుక్స్‌ను ఇఫ్ లోపల పిలవకూడదన్న నియమం కూడా అందుకే. ఏ హుక్ ఏదో రియాక్ట్ పిలిచిన వరసను బట్టి గుర్తుపడుతుంది.

డెవలప్‌మెంట్‌లో స్ట్రిక్ట్ మోడ్ పెడితే కాంపొనెంట్ రెండుసార్లు నడుస్తుంది. అది లోపం అనుకుని చాలామంది దాన్ని తీసేస్తారు. దయచేసి తీయకండి. మీ ఫంక్షన్ ప్యూర్‌గా లేకపోతే బయటపెట్టడానికే అది రెండుసార్లు నడుపుతుంది.

ఈవెంట్ డ్రివెన్ అంటే ఏమిటి? సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ ఒకే థ్రెడ్‌తో, అంటే ఒకసారికి ఒకే పని చేస్తూ, అంతమందిని ఎలా తట్టుకుంటుంది?

ఉదయం 10 గంటలకు రైల్వే ఏసీ తత్కాల్ తెరుచుకునే క్షణాన్ని ఊహించుకోండి. వేలమంది ఒకేసారి వస్తారు. వాళ్ల అభ్యర్థనల్లో సర్వర్ ప్రాసెసర్ చేసే పని కొద్దిగానే ఉంటుంది. మిగతా సమయమంతా డేటాబేస్ జవాబు కోసం, పేమెంట్ గేట్‌వే జవాబు కోసం ఎదురుచూడటమే. ఒక్కో అభ్యర్థనకు ఒక థ్రెడ్ ఇచ్చే పద్ధతిలో ఆ ఎదురుచూపంతా మెమరీని పట్టుకుని కూర్చుంటుంది. 2009లో ర్యాన్ డాల్ బయటపెట్టిన నోడ్‌లో, జవాబు వచ్చాక ఏం చేయాలో చెప్పి పెట్టి వెంటనే తర్వాతి అభ్యర్థన చూస్తాం. జవాబు వచ్చినప్పుడు ఆ ఫంక్షన్ వరసలోకి వస్తుంది. ఆ వరసను చూసుకునేదే ఈవెంట్ లూప్. ఇలా సంఘటన జరిగినప్పుడు స్పందించే పద్ధతే ఈవెంట్ డ్రివెన్.

ఇందులో ఒక షరతు ఉంది. వరసలో ఒక పని రెండు సెకన్లు లెక్కలు చేస్తూ కూర్చుంటే మిగతా అందరూ ఆ రెండు సెకన్లు ఆగుతారు. పీడీఎఫ్ టికెట్లు తయారుచేయడం, ఫొటోలు కుదించడం లాంటి బరువు పనులు వర్కర్ థ్రెడ్స్‌కో వేరే సర్వీసుకో ఇవ్వాలి.

రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ప్రామిస్ (తర్వాత వచ్చే జవాబుకు ప్రతినిధి) పనులు సెట్‌టైమౌట్ సున్నా (సున్నా ఆలస్యంతో తర్వాత నడపమన్న) పనుల కంటే ముందు నడుస్తాయి. ఇంటర్వ్యూల్లో అవుట్‌పుట్ చెప్పమనే చిక్కుముళ్లలో చాలావరకు ఇదే. రెండోది, 2017లో వచ్చిన ఎసింక్, అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఇక్కడ ఆగమని చెప్పే కీవర్డ్‌లు) వల్ల కోడ్ పైనుంచి కిందికి ప్రొసీజరల్‌లా కనిపిస్తుంది. కానీ ప్రతి అవెయిట్ దగ్గరా ఇతరుల కోడ్ మధ్యలో దూరగలదు. అవెయిట్‌కు ముందు చూసిన సీటు ఖాళీ, అవెయిట్ తర్వాత ఖాళీగానే ఉంటుందన్న హామీ లేదు.

ఇద్దరు ఒకేసారి ఒకే సీటు నొక్కితే ఏ పారడైమ్ కాపాడుతుంది?

బ్రౌజర్‌లో మీరు ఏ పారడైమ్ వాడినా కాపాడదు. పేజీలో ఉన్నది నిజానికి ఒక నకలు, అది కూడా కొన్ని క్షణాల కిందటిది. సీటు ఎవరిదన్న నిజం డేటాబేస్‌లో ఉంది కాబట్టి నియమం కూడా అక్కడే ఉండాలి. ట్రిప్, సీటు నంబరు కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఆ జత రెండోసారి రాకూడదన్న నియమం) పెట్టండి. ఇద్దరి ఇన్‌సర్ట్స్‌లో (డేటాబేస్‌లో చేర్చే ప్రయత్నాల్లో) ఒకటే నెగ్గుతుంది, రెండోవాళ్లకు ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టుకుని 'ఈ సీటు ఇప్పుడే పోయింది' అని చూపిస్తారు. ముందు ఖాళీ ఉందో లేదో చూసి, తర్వాత ఇన్‌సర్ట్ చేసే కోడ్ ఒంటరిగా చాలదు. ఆ రెండింటి మధ్య సందులో ఇంకొకరు దూరతారు.

ఎన్ని వందల లైన్ల జావా రాసినా అంత గట్టిగా చెప్పలేని విషయాన్ని ఒక్క డిక్లరేటివ్ లైను చెప్తోంది. నాకు ఈ ఉదాహరణ ఇష్టం ఇందుకే. ఫ్రంటెండ్ ఫ్రేమ్‌వర్క్‌ల గురించి జరిగే చర్చల్లో పదోవంతు కూడా దీని మీద జరగదు.

రియాక్టివ్, సిగ్నల్స్ అని ఈమధ్య ఎక్కువగా వింటున్నాం. అదేమిటి?

మూడో ప్రశ్నకు, అంటే మార్పు సంగతి మిగతావాళ్లకు ఎలా తెలుస్తుందన్నదానికి ఇది నేరు జవాబు. ఎక్సెల్‌లో ఒక గడి మారిస్తే దాని మీద ఆధారపడ్డ గడులు వాటంతటవే మారతాయి. 1979లో వచ్చిన విజికాల్క్ నుంచి ఈ ఆలోచన ఉంది. సిగ్నల్ అంటే అలాంటి గడి. ఎంచుకున్న సీట్లు ఒక సిగ్నల్. మొత్తం ధర దాన్నుంచి లెక్కకట్టేది. సీట్లు మారితే మొత్తం చూపించే ఆ చిన్న అక్షరాల ముక్క మాత్రమే మారుతుంది, కాంపొనెంట్ అంతా మళ్లీ నడవదు.

వెబ్‌లో 2010లో వచ్చిన నాకౌట్ అనే లైబ్రరీలోనే ఇది ఉంది. వ్యూ మొదటి నుంచీ దీని మీదే నడుస్తోంది. సాలిడ్ అనే ఫ్రేమ్‌వర్క్ దీన్ని మళ్లీ అందరి దృష్టికి తెచ్చింది. 2023లో యాంగ్యులర్ 16, 2024లో స్వెల్ట్ 5 ఇదే దారిలోకి వచ్చాయి.

ఆర్‌ఎక్స్‌జేఎస్ అనే లైబ్రరీ కూడా రియాక్టివే, కానీ అది కాలంతోపాటు వచ్చే సంఘటనల ప్రవాహాలకు. ఊరి పేరు టైప్ చేస్తుంటే సూచనలు చూపించే పెట్టెకు అది అతికినట్టు సరిపోతుంది. టైపింగ్ కాస్త ఆగేదాకా ఆగు, కొత్త వెతుకులాట మొదలైతే పాతదాన్ని వదిలేయి అన్నవి రెండు ఆపరేటర్లతో అయిపోతాయి. ఒకటి రెండు ఫారమ్‌ల కోసం దాన్ని ప్రాజెక్టులోకి లాగకండి, నేర్చుకోవడానికి సమయం తీసుకుంటుంది.

ఒకే ప్రాజెక్టులో ఇన్ని పారడైమ్స్ కలపడం తప్పు కాదా?

కలవకుండా వెబ్ ప్రాజెక్టే ఉండదు. నాకు నచ్చే పంపకం ఇది. ధర, నియమాలు, తేదీల లెక్కలు ప్యూర్ ఫంక్షన్లుగా ఉండాలి. డేటాబేస్, పేమెంట్, ఎస్‌ఎంఎస్ లాంటి బయటి ప్రపంచం అంచుల్లో, ఆబ్జెక్టుల వెనక ఉండాలి. స్క్రీన్ డిక్లరేటివ్‌గా, అనుమతించకూడనివి డేటాబేస్ కన్‌స్ట్రెయింట్స్‌గా. తప్పు ఎప్పుడంటే ఒకే పనికి రెండు పద్ధతులు వాడినప్పుడు. రియాక్ట్ చూసుకుంటున్న డివ్‌ను జేక్వెరీతో కూడా మార్చడం అలాంటిది. ఆ డివ్ ఎవరిదో ఎవరికీ తెలియదు, తర్వాతి రెండర్‌లో మీ మార్పు మాయమవుతుంది.

ఏది వేగంగా నడుస్తుంది?

పారడైమ్‌ను బట్టి వేగం తేలదు. నిదానించే వెబ్‌సైట్లలో నాకు ఎక్కువగా కనిపించే కారణాలు లూప్‌లో నడిచే డేటాబేస్ క్వెరీలు, పెద్ద ఫొటోలు, అవసరానికి మించిన జావాస్క్రిప్ట్. ముందు కొలవండి.

ఏఐ టూల్సే కోడ్ రాస్తున్నాయి. ఇంకా ఇవన్నీ ఎందుకు?

ఆ కోడ్‌ను ఒప్పుకోవాలో వద్దో చెప్పాల్సింది మీరు కాబట్టి. ఒక్కో ముక్కా విడిగా అడిగితే ఒక్కో ముక్కా విడిగా సరిగ్గానే వస్తుంది. ఎంచుకున్న సీట్లు ఒక కాంపొనెంట్‌లో యూజ్‌స్టేట్‌లో, ఇంకోచోట కాంపొనెంట్లన్నీ పంచుకునే కాంటెక్స్ట్‌లో, మరోచోట బ్రౌజర్ దాచిపెట్టే లోకల్ స్టోరేజ్‌లో ఉంటాయి. మూడూ నడుస్తాయి. యూజర్ వెనక్కి వెళ్లి ఒక సీటు మార్చిన రోజు మూడూ మూడు రకాలుగా చెప్తాయి. 'స్టేట్ ఒకేచోట ఉండాలి, మొత్తం దాన్నుంచి లెక్కకట్టాలి, విడిగా దాచకూడదు' అని మీరే ముందు చెప్పగలిగితే అదే టూల్ చాలా మంచి కోడ్ ఇస్తుంది. అలా చెప్పాలంటే అది మీకు తెలిసి ఉండాలి.

ఫ్రెషర్‌ని. ఏ క్రమంలో నేర్చుకోవాలి?

ఫ్రేమ్‌వర్క్ లేకుండా ఉత్త జావాస్క్రిప్ట్‌తో ఒక పేజీ ఇంపెరేటివ్‌గా రాయండి, ఆ కష్టం ఒకసారి చేతులకు తెలియాలి. తర్వాత స్టేట్‌ను ఒక వేరియబుల్‌లోకి తెచ్చి, అది మారినప్పుడల్లా పేజీ మొత్తాన్ని మళ్లీ గీసే ఒక్క ఫంక్షన్ రాయండి. రియాక్ట్ ఎందుకు పుట్టిందో అక్కడే అర్థమవుతుంది. ఎస్‌క్యూఎల్ మాత్రం మొదటి నెల నుంచే మొదలుపెట్టండి. ఇంటర్వ్యూ కోసం ఊప్స్ ఎలాగూ చదువుతారు. చదివేటప్పుడు జంతువు, కుక్క, పిల్లి ఉదాహరణలు పక్కనపెట్టి బుకింగ్, పేమెంట్, కూపన్ లాంటివి తీసుకోండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఆ తేడా మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

ప్రోలాగ్ లాంటి లాజిక్ ప్రోగ్రామింగ్ వెబ్‌లో ఉందా?

ఉంది, చాలా తక్కువ. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సేలో అలన్ కోల్మెరోయర్ బృందం తయారుచేసిన ప్రోలాగ్‌లో సంగతులు, నియమాలు రాసి ప్రశ్న అడుగుతాం, జవాబు అదే వెతుకుతుంది. స్విప్రోలాగ్ (ప్రోలాగ్‌ను నడిపే ఒక సాఫ్ట్‌వేర్)తో వెబ్ సర్వర్ కూడా నడపొచ్చు. ప్రోలాగ్ చిన్న రూపమైన డేటాలాగ్‌ను డేటామిక్ అనే డేటాబేస్ క్వెరీ భాషగా వాడుతోంది. ఉద్యోగం కోసమైతే వీటి జోలికి వెళ్లనవసరం లేదు. కుతూహలం ఉంటే ఒక ఆదివారం ప్రోలాగ్‌లో మీ ఇంటి బంధుత్వాలు రాసి, ఎవరు ఎవరికి మేనత్త అవుతారో అడిగి చూడండి.